పాట వెనుక పేరు

నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరు. ఆ మహాకవి తన 'పండితారాధ్య చరిత్ర'లో ఆనాటి ప్రజలు పాడుకొనే పాటలను పేర్కొన్నాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ ఆ జాబితా సాగుతుంది. పదమూడవ శతాబ్దిలో తెలుగువారు ఏయే పాటలు పాడుకొన్నారో దీనివల్ల మనకు తెలుస్తున్నది. కాని ఆ పాటలను కట్టినవారు ఎవరో తెలియదు. పాట పేరు నిలిచింది. పాట కట్టినవారి పేరు కాలగర్భంలో కలిసిపోయింది.

మన ప్రాచీన కవులు తమ పేరును కాపాడుకొనడానికి కొన్ని మార్గాలు ఏర్పరచుకొన్నారు. కావ్యంలో ఆశ్వాసాంత గద్య కవి పేరును, తండ్రి పేరును చెబుతుంది. క్షేత్రయ్య పదంలో 'మువ్వగోపాల' ముద్ర, త్యాగరాజ కీర్తనలో 'త్యాగరాజ' ముద్ర కర్త ఎవరో తెలుపుతాయి. జానపద గేయానికి గద్య లేదు, ముద్ర లేదు. నాటు వేసే మడిలోనో, బతుకమ్మ చుట్టూ తిరిగే వాకిలిలోనో పుట్టిన పాట ఒక నోటినుండి మరొక నోటికి చేరుతూ అందరి సొత్తు అవుతుంది. ఇది జానపద సాహిత్యానికి సహజ లక్షణం. అయితే కర్త పేరు తెలిసిన పాటలకు కూడ ఆధునిక కాలంలో ఇదే గతి పట్టడం ఆలోచించదగిన విషయం.

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో గ్రామఫోను రికార్డు తెలుగు ఇళ్ళలో ప్రవేశించింది. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పళ్ళెం ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. రాత్రంతా సాగే గేయకథలు, పని ముగిసేదాకా నడిచే శ్రమగీతాలు రికార్డులోకి రావాలంటే పల్లవికీ, రెండు మూడు చరణాలకూ కుదించుకోవలసి వచ్చింది. పాట రూపం మారింది. పాడినవారి గొంతు దూరదేశాలకు ప్రయాణం చేసింది. ఆ గొంతుతోపాటు కవి పేరు, బాణీ కట్టినవారి పేరు ఎల్లప్పుడూ ప్రయాణం చేయలేదు.

ఈ మార్పును స్వయంగా నడిపించిన తెలుగు కుటుంబాలలో వింజమూరివారిది ఒకటి. వింజమూరి అనసూయాదేవి 1920లో కాకినాడలో జన్మించారు. తండ్రి వింజమూరి వేంకట లక్ష్మీనరసింహారావు నాటక రంగంలో ప్రసిద్ధుడు. తల్లి వేంకటరత్నమ్మ 'అనసూయ' అనే మహిళా పత్రికకు సంపాదకురాలు. భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనమామ. చెల్లెలు సీతాదేవి. అనసూయాదేవి పాట ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే రికార్డుకెక్కింది. అక్కాచెల్లెళ్ళు సభలలోను, రేడియోలోను కలిసి పాడుతూ 'సీత-అనసూయ' అనే జంటగా ఆంధ్రదేశమంతటా పేరు పొందారు. చదువుకొన్నవారు పల్లెపాటను చులకనగా చూసే రోజులలో వారు దానిని శాస్త్రీయ సంగీతంతో సమానంగా వేదికపై నిలబెట్టారు.

వారి పాటలలో రెండింటి వెనుక ఉన్న కథలు మనకు రెండు విధాల మరపును చూపుతాయి.

మొదటిది 'జయ జయ ప్రియ భారత'. ఈ దేశభక్తి గీతం తెలుగునాట అనేక పాఠశాలలలో వినిపిస్తుంది. రచన కృష్ణశాస్త్రిదని విద్యార్థులు చెప్పగలరు. దానికి బాణీ కట్టినది ఎవరని అడిగితే సమాధానం చెప్పగలిగేవారు అరుదు. ఆ బాణీ మేనకోడలు అనసూయాదేవిది. మేనమామ మాటకు మేనకోడలు స్వరం తోడైనందువల్లనే ఆ గీతం పుస్తకంలో ఆగిపోక పిల్లల నోళ్ళకెక్కింది. ఇక్కడ కవి పేరు నిలిచింది. స్వరకర్త పేరు మరుగుపడింది.

రెండవది 'మొక్కజొన్న తోటలో'. తన మామను రమ్మని పిలుచుకొనే పల్లెపడుచు పాట ఇది. సీత-అనసూయల గొంతులో ఇది ఎంతగా ప్రచారం పొందిందంటే, తరతరాలుగా వస్తున్న జానపద గేయమేనని చాలామంది భావించారు. నిజానికి దీనిని రచించినవారు 'బంగారి మామ' పాటల కవి కొనకళ్ళ వెంకటరత్నం. పల్లె పలుకుబడి, పనిపాటల లయ, ఎక్కడా గ్రాంథికపు వాసన తగలని మాట కలిసి కవిని పాటలో పూర్తిగా దాచివేశాయి. తన పాటను ప్రజలు తమ పాటగా భావించడం కవికి దక్కిన పరమోన్నత గౌరవం. ఆ గౌరవానికి అతడు చెల్లించిన మూల్యం తన పేరు. ఇక్కడ పాడినవారి పేరు నిలిచింది. కవి పేరు మరుగుపడింది.

ఈ మరపు మన దేశానికే పరిమితం కాదు. 1970వ దశకంలో పాశ్చాత్య దేశాలను డిస్కో సంగీతం ఊపివేసింది. డప్పుదెబ్బ వలె విడువక సమానంగా పడే తాళం, దానికి తగిన నాట్యం దాని లక్షణాలు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి చెందిన నలుగురు అక్కాచెల్లెళ్ళు 'సిస్టర్ స్లెడ్జ్' అనే బృందంగా పాడేవారు. వారికి చిన్ననాట సంగీతం నేర్పినది అమ్మమ్మ. 1979లో వెలువడిన వారి పాట 'వి ఆర్ ఫ్యామిలీ' విశేషమైన ఆదరణ పొందింది. తామంతా ఒకే కుటుంబమని చాటే ఆ పాటను అక్కాచెల్లెళ్ళే రాసుకొన్నారని శ్రోతలు అనుకోవడం సహజం. రాసినవారు నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు సంగీతకారులు. రికార్డు సంస్థ అధిపతి ఆ అక్కాచెల్లెళ్ళ అన్యోన్యతను వర్ణించి చెప్పగా, ఆ మాటల ఆధారంగా వారు పాట కట్టారు. అదే సంవత్సరం పిట్స్‌బర్గ్ నగరపు బేస్‌బాల్ జట్టు దానిని తన గీతంగా స్వీకరించి జాతీయ విజేతగా నిలిచింది. ఒక ఇంటి పాట ఊరి పాట అయింది. అది సాగినకొద్దీ రాసినవారు వెనుకకు జరిగారు.

డిస్కో హోరు మన చలనచిత్రాలను కూడ తాకుతున్న ఆ రోజులలోనే, అందుకు పూర్తిగా భిన్నమైన సంగీతంతో 1980లో 'మా భూమి' చిత్రం విడుదలయింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చిత్రించిన సినిమా ఇది. 1946లో దొడ్డి కొమరయ్య అమరత్వంతో ఆ పోరాటం ఉధృతమైన కడివెండి నేటి జనగామ జిల్లాలోనే ఉన్నది. ఈ చిత్రానికి సంగీతం సమకూర్చినవారిలో వింజమూరి సీతాదేవి ఒకరు. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో జానపద సంగీత ప్రయోక్తగా ఆమె సంపాదించిన అనుభవం ఇందులో ఫలించింది.

ఈ చిత్రంలోని 'బండెనక బండి' పాటను గద్దర్ తెరపై కనిపించి పాడారు. నాటినుండి అది గద్దర్ పాటగానే ప్రసిద్ధి చెందింది. ఆ పాటకు మూలకర్త రైతాంగ పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరి. దొర దగ్గర పశువులు కాచే బాలుని దైన్యాన్ని చెప్పే 'పల్లెటూరి పిల్లగాడ' సుద్దాల హనుమంతు రచన. ఆయన పోరాట కాలంలో గొల్లసుద్దుల వంటి ప్రజాకళలను చైతన్య సాధనాలుగా మలచిన కవి. సినిమా చూసి కన్నీరు పెట్టినవారిలో ఈ ఇద్దరి పేర్లు తెలిసినవారెందరు? సీతాదేవి పేరు గుర్తుంచుకొన్నవారెందరు?

పేరుతో పనియేమి, పాట నిలిస్తే చాలదా అని కొందరు ప్రశ్నించవచ్చు. పేరు కేవలం కీర్తికి సంబంధించినది కాదు. 'బండెనక బండి' కట్టినది పోరాటంలో నిలిచిన మనిషి అని తెలిసినప్పుడు, ఆ పాట వినోద గీతం కాక చరిత్రకు సాక్ష్యమవుతుంది. పేరు తెలియనప్పుడు ఎవరైనా దానిని తమదిగా చెప్పుకొనవచ్చు. ఎవరైనా మాటలు మార్చి దాని పదునును తొలగించవచ్చు. నిరక్షరాస్యులైన శ్రామికుల విషయంలో ఈ ప్రమాదం మరింత అధికం. వారికి తమ పాట తప్ప మరొక దస్తావేజు లేదు.

సీతాదేవి 2016లోను, అనసూయాదేవి 2019లోను అమెరికాలో కన్నుమూశారు. వారు జీవితమంతా చేసిన పని, పాటను విని, నేర్చి, భద్రపరచి, తరువాతివారికి అందించడం. నేడు ఆ పనికి గ్రామఫోను సంస్థ అవసరం లేదు. రేగొండ వంటి ఊళ్ళలో కూడ విద్యార్థుల చేతిలోని ఫోను పాటను నిమిషాలలో పదిలపరచగలదు. నాటు పాటలు పాడే అవ్వలు, కథ చెప్పే ఒగ్గు కళాకారులు ఇప్పటికీ ఈ ప్రాంతంలో ఉన్నారు. వారి పాటను పదిలపరచేటప్పుడు పాడినవారు ఎవరు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చారు అన్న మూడు ప్రశ్నలు అడిగి సమాధానాలను పాటతోపాటు రాసి ఉంచాలి. సోమనాథుడు ఏడువందల ఏళ్ళ క్రితం పాటల పేర్లు మనకు అందించాడు. పాడినవారి పేర్లు అందించవలసిన బాధ్యత ఈ తరానిది.