పిల్లలే ఉండే ఊరు

గోదావరి ఒడ్డున బాసర ఉంది. బాసర అనగానే మనకు సరస్వతి గుడి గుర్తుకు వస్తుంది. తల్లిదండ్రులు చిన్నపిల్లల్ని అక్కడికి తీసుకుపోతారు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. చెయ్యి పట్టి అక్షరాలు దిద్దిస్తారు. దాన్నే అక్షరాభ్యాసం అంటారు.

అదే బాసరలో ఇంకో చదువుల చోటు ఉంది. అక్కడికి వచ్చేది పలకా బలపం పట్టే పిల్లలు కాదు. పదో తరగతి పాసైన పిల్లలు. వయసు పదిహేను, పదహారు ఉంటుంది. చేతిలో ఒక పెట్టె, ఒక బకెట్టు, ఒక దుప్పటి. వాళ్లు అక్కడ ఆరేళ్లు ఉండి చదువుకుంటారు.

ఆ చోటు పేరు రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్. పేరు పెద్దది. అందుకే జనం 'బాసర ట్రిపుల్ ఐటీ' అంటారు.

అక్కడ పిల్లలు ఎట్లా ఉంటారు? ఏం తింటారు? కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారు? మన బిడ్డకు అక్కడ సీటు వస్తే మనం ఏం చెయ్యాలి? ఒక్కొక్కటే తెలుసుకుందాం.

విశ్వవిద్యాలయం అంటే ఏమిటి?

యూనివర్సిటీనే తెలుగులో విశ్వవిద్యాలయం అంటారు. పై చదువులు చెప్పి, పరీక్షలు పెట్టి, పట్టాలు ఇచ్చే సంస్థ అది. ఆ సంస్థ ఉండే ఆవరణను క్యాంపస్ అంటారు. అందులో క్లాసు గదులు ఉంటాయి. హాస్టళ్లు ఉంటాయి. భోజనాల గది, గ్రంథాలయం, ఆటస్థలం, దవాఖానా ఉంటాయి.

ఈ విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడు చోట్ల పెట్టారు. ఒకటి బాసర. ఒకటి నూజివీడు. ఒకటి కడప జిల్లాలోని ఇడుపులపాయ. 2014లో రాష్ట్రం రెండయ్యింది. బాసర తెలంగాణకు వచ్చింది. మిగతా రెండూ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఆ తర్వాత అక్కడ ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు కూడా వచ్చాయి.

ఇంజనీరింగు కాలేజీలు చాలా ఉన్నాయి కదా, మళ్లీ ఇది ఎందుకు?

పట్నంలో డబ్బున్న వాళ్ల పిల్లలు కోచింగుకు పోతారు. ఎంట్రన్సు పరీక్ష రాస్తారు. పల్లెలో తెలివైన పిల్లలకు ఆ దారి లేదు. ఇంటర్ చదవాలన్నా ఊరు దాటాలి. అలాంటి పిల్లలకు పదో తరగతి కాగానే దారి చూపాలని ఈ చదువు పెట్టారు. ఇందులో చేరడానికి ఎక్కువ ఏళ్లు వేరే ఎంట్రన్సు పరీక్ష లేకుండా, పదో తరగతి ఫలితం చూసి సీటు ఇచ్చారు.

సర్కారు బడి పిల్లలకు ఇంకో మేలు కూడా ఉంది. పదికి ఇన్ని పాయింట్లు అని గ్రేడు ఇచ్చిన రోజుల్లో, సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింటు కలిపేవారు. సర్కారు బడిలో 9.4 వచ్చిన పిల్లకు అది 9.8 అయ్యేది. ఇది దానం కాదు. సౌకర్యం తక్కువ ఉన్న చోట చదివి అన్ని మార్కులు తెచ్చుకోవడం ఎక్కువ కష్టం. ఆ కష్టానికి కట్టిన లెక్క ఇది. ఈ లెక్కలు ఏటా కొంత మారవచ్చు. కాబట్టి పది ఫలితాలు వచ్చాక ఆ ఏటి ప్రకటన చదవాలి. గడువు తేదీ చూసుకోవాలి.

ఈ మధ్య ఏళ్లలో బాసరలో సీట్లు తెచ్చుకున్న వాళ్లలో సగానికి పైగా ఆడపిల్లలే. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన మాట.

ఆరేళ్ల చదువు

మొదటి రెండేళ్లను పీయూసీ అంటారు. అది మన ఇంటర్‌తో సమానం. తర్వాత నాలుగేళ్లు ఇంజనీరింగు, అంటే బీటెక్. ఇళ్లు, వంతెనలు కట్టే చదువు ఒకటి. యంత్రాల చదువు ఒకటి. కరెంటు చదువు ఒకటి. కంప్యూటరు చదువు ఒకటి. ఇట్లా కొన్ని శాఖలు ఉంటాయి. పీయూసీ అయ్యాక వేరే చోట చదవాలనుకునే వాళ్లు బయటికి వెళ్లిపోవచ్చు.

అదొక ఊరు

ఈ క్యాంపస్‌లో వేల మంది పిల్లలు ఉంటారు. లెక్కకు అదొక ఊరే. కాని మన ఊళ్లో ముసలివాళ్లు ఉంటారు, పసిపిల్లలు ఉంటారు, చుట్టపక్కాలు ఉంటారు. ఆ ఊళ్లో ఎటు చూసినా ఒకే ఈడు వాళ్లు. అమ్మ లేదు. నాన్న లేడు. గొడవపడితే సర్దిచెప్పే పెద్దమ్మ లేదు.

ఆడపిల్లలకు, మగపిల్లలకు హాస్టళ్లు వేరు వేరు. ఒక గదిలో కొందరు కలిసి ఉంటారు. ఒకరిది ఆదిలాబాదు, ఒకరిది ఖమ్మం, ఒకరిది పాలమూరు. మాట యాస వేరు. తిండి అలవాటు వేరు. ఒకరికి దీపం వెలుగుతుంటే నిద్ర పట్టదు. ఒకరికి రాత్రిపూటే చదువు తలకెక్కుతుంది. ఇద్దరూ ఒకే గదిలో బతకాలి. సర్దుకుపోవడం అక్కడ నేర్చుకునే మొదటి పాఠం. అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

అందరికీ ఒకచోటే వంట చేస్తారు. దాన్ని మెస్సు అంటారు. ఇంట్లో పదిమందికి వండితేనే ఒకరోజు ఉప్పు ఎక్కువ అవుతుంది. అక్కడ వేల మందికి వండాలి. అందుకే మెస్సులో శుభ్రం చాలా ముఖ్యం. ఒక్క గిన్నెలో తేడా వస్తే వందల మందికి జబ్బు చేస్తుంది.

గేటు దాటి బయటికి పోవాలంటే అనుమతి చీటీ కావాలి. దాన్ని ఔట్‌పాసు అంటారు. హాస్టలు బాగోగులు చూసే వాళ్లను వార్డెను అంటారు. అందరికీ పైన ఉండే అధికారి వైస్ ఛాన్సలర్. పొట్టిగా వీసీ అంటారు. మన సర్పంచిని మనం ఓటేసి ఎన్నుకుంటాం. వీసీని మాత్రం ఓట్లతో ఎన్నుకోరు, నియమిస్తారు.

మొదటి నెలలే గండం

పాఠం పుస్తకాల్లోనే కాదు, ల్యాప్‌టాప్ మీద కూడా చదవడం మొదటి నుంచి ఇక్కడి పద్ధతి. ల్యాప్‌టాప్ అంటే ఒళ్లో పెట్టుకునేంత చిన్న కంప్యూటరు. చదువంతా ఇంగ్లీషులో ఉంటుంది. పది దాకా తెలుగులో చదివిన పిల్లకు ఇది ఒక్కసారిగా మీద పడుతుంది.

ఇంకో మాట. ఆ పిల్ల తన బడిలో ఫస్టు. ఊరంతా మెచ్చుకుంది. ఇక్కడికి వస్తే పక్కన కూర్చున్న వాళ్లందరూ తమ తమ బడుల్లో ఫస్టే. మొదటి పరీక్షలో తక్కువ మార్కులు వస్తాయి. "నాకు చదువు రాదేమో" అని భయం పడుతుంది. నిజానికి ఆ పిల్ల తెలివి తగ్గలేదు. పోటీ మారింది, భాష మారింది, చోటు మారింది. మూడూ ఒకేసారి మారాయి.

అప్పుడు ఇంటికి ఫోను వస్తుంది. చాలా ఇళ్లలో మాట ఇట్లాగే నడుస్తుంది.

"అమ్మా, నేను ఇంటికి వచ్చేస్తా."

"ఎందుకు బిడ్డా? అంత మంచి సీటు. నలుగురూ నవ్వుతారు."

ఆ తల్లి తప్పు మాట అనాలని అనలేదు. కాని బిడ్డకు ఆ మాట తలుపు మూసినట్టు ఉంటుంది. ఇట్లా అడిగితే మేలు:

"ఏమైంది బిడ్డా? తింటున్నావా? నిద్ర పడుతుందా? ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది? నీ గదిలో వాళ్లు నీతో మాట్లాడుతున్నారా?"

మనకు ఇంజనీరింగు రాకపోవచ్చు. ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి ఇంజనీరింగు అక్కర్లేదు.

తోడే బలం

అక్కడ పిల్లల్ని నిలబెట్టేది ఏమిటి? పక్కవాళ్ల తోడు. ఒకరికి లెక్కలు వస్తాయి, ఒకరికి ఇంగ్లీషు వస్తుంది. రాత్రిపూట కలిసి కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు. జ్వరం వస్తే గదిలో వాళ్లే గంజి తెచ్చిపెడతారు. బతుకమ్మ వస్తే పూలు తెచ్చి ఆవరణలోనే ఆడుకుంటారు. పై తరగతి పిల్లలు కింది వాళ్లకు దారి చెబుతారు. వాళ్లను సీనియర్లు అంటారు.

మంచి సీనియరు అన్నలా, అక్కలా ఉంటారు. కొందరు మాత్రం కొత్తవాళ్లను ఏడిపిస్తారు. దాన్ని ర్యాగింగ్ అంటారు. అది ఆట కాదు. అది నేరం. 1997లోనే దీని మీద మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఎవరైనా ర్యాగింగ్ చేస్తే వార్డెనుకు చెప్పాలి. 1800-180-5522 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. ఈ ఫోనుకు డబ్బులు పడవు.

మనసు బాగా కుంగిపోతే ఇంకో నంబరు ఉంది. 14416. దీని పేరు టెలీ మానస్. 2022లో మొదలైంది. రాత్రి పగలు ఎప్పుడైనా మాట్లాడవచ్చు. చదువుల ఒత్తిడితో పిల్లలు ప్రాణం తీసుకున్న వార్తలు మనం వింటున్నాం. పోయిన సబ్జెక్టు మళ్లీ రాసుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు. ఈ మాట బిడ్డ బయలుదేరే ముందే చెప్పాలి. ఒక్కసారి కాదు, చాలాసార్లు చెప్పాలి.

2022లో ఏం జరిగింది?

2022 జూన్‌లో బాసర పిల్లలు సమ్మె చేశారు. క్యాంపస్‌కు పూర్తికాలం వీసీ కావాలన్నారు. చాలినంత మంది అధ్యాపకులు కావాలన్నారు. మెస్సు, హాస్టళ్లు బాగుచెయ్యాలన్నారు. ఇట్లా 12 కోరికలు పెట్టారు.

వాళ్లు రాయి విసరలేదు. అద్దం పగలగొట్టలేదు. వేల మంది వరసలుగా కూర్చున్నారు. ఎండకు కూర్చున్నారు, వానకు గొడుగులు పట్టుకుని కూర్చున్నారు. దాదాపు వారం రోజులు గడిచాయి. విద్యాశాఖ మంత్రి క్యాంపస్‌కు వచ్చి వాళ్లతో మాట్లాడారు. ఆ తర్వాత సమ్మె ఆపారు.

ఆ సమ్మెతో కష్టాలన్నీ తీరిపోలేదు. మరుసటి నెలలోనే మెస్సు తిండి తిని చాలామంది పిల్లలకు జబ్బు చేసింది. కాని ఒక సంగతి అందరికీ తెలిసింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు కలిసి నిలబడితే, మర్యాదగా అడిగితే, పై వాళ్లు దిగివచ్చి వింటారు. విన్నది చేశారా లేదా అని చూస్తూ ఉండటం కూడా కలిసి చెయ్యాల్సిన పనే.

ఇంటి దగ్గర మన పని

సీటు వచ్చిందని సంబరపడతాం. బస్సు ఎక్కించి వస్తాం. అంతటితో మన పని అయిపోదు.

కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు ముందే మీసేవలో తీసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు అవి కావాలి. అర్హత ఉన్న పిల్లల ఫీజును సర్కారు కట్టడాన్నే ఆ పేరుతో పిలుస్తారు. ప్రతి కాగితానికి నకలు తీసి ఇంట్లో ఒక సంచిలో పెట్టుకోవాలి.

క్యాంపస్ నుంచి వచ్చే కాగితం ఏదైనా చదవాలి. మెల్లగానైనా మనమే చదవాలి. తెలియకపోతే అడగాలి. చదవకుండా సంతకం పెట్టకూడదు.

వీలైనప్పుడు వెళ్లి చూసి రావాలి. మెస్సులో వాళ్లతో కలిసి ఒక పూట తినాలి. పక్క గది పిల్లల పేర్లు తెలుసుకోవాలి. వాళ్ల తల్లిదండ్రులతో పరిచయం పెట్టుకోవాలి. పిల్లలకు తోడు ఎంత అవసరమో, పెద్దలకూ అంతే అవసరం.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. పీయూసీ అయ్యేసరికి పిల్లకు పద్దెనిమిది దగ్గర పడతాయి. సంబంధాలు వస్తాయి. "చదివింది చాలు" అనే చుట్టాలు కూడా వస్తారు. ఆరేళ్ల చదువును రెండేళ్లకే ఆపేస్తే ఏమవుతుంది? పునాది తీసి, గోడలు లేపి, కప్పు వెయ్యకుండా వదిలేసిన ఇల్లు అవుతుంది. ఆ ఇంట్లో ఎవరు ఉండగలరు?

బాసర గుడిలో బిడ్డ చెయ్యి పట్టి అక్షరం రాయిస్తాం. పదిహేనేళ్ల బిడ్డకు అట్లా చెయ్యి పట్టనక్కర్లేదు. రాయడం తనే రాస్తుంది. కాని ఆ ఊళ్లో తను ఒంటరి కాదని తెలియాలి. అది చెప్పాల్సింది మనమే.

మాట్లాడుకోండి

1. మీ ఊరి నుంచి దూరం వెళ్లి చదువుతున్న పిల్లలు ఎవరున్నారు? వాళ్లకు మొదట్లో ఏ కష్టం వచ్చింది?

2. సర్కారు బడి పిల్లలకు పాయింట్లు కలపడం న్యాయమేనా? ఎందుకు?

3. బిడ్డ ఫోనులో "ఇంటికి వచ్చేస్తా" అంటే మీరు మొదట ఏమంటారు?

4. 1800-180-5522, 14416. ఈ రెండు నంబర్లూ మీ చేతితో రాసి గోడకు అంటించండి. పక్కింటి వాళ్లకు చదివి వినిపించండి.