ముక్కు పెద్దదా, చెయ్యి పొట్టిదా?

సెల్ఫీకి సరైన తెలుగు మాట ఏమిటని ఆ మధ్య మిత్రుల మధ్య వాదన వచ్చింది. స్వీయచిత్రమని ఒకరు, సొంతబొమ్మని ఇంకొకరు. పేరేదైనా మా ఇంట్లో మాత్రం అది రోజువారీ తగవు. పదమూడేళ్ళ మా అమ్మాయి పుస్తకం తెరవమంటే ఫోను ఎత్తేది. నేను విసుక్కునేవాణ్ణి. ఉన్నట్టుండి ఒకరోజు మానేసింది. నా మాట విన్నదనుకుని మురిసిపోయాను. వారం తరవాత మా ఆవిడ అసలు సంగతి చెప్పింది. "నానమ్మ ముక్కు వచ్చింది, ఫొటోలో అదొక్కటే కనిపిస్తోంది" అని ఏడుస్తోందట.

ఓదార్చడం నాకు చేతకాదు. చదివింది ఇంజనీరింగు కాబట్టి టేపు పట్టుకొచ్చాను. తను ఫోను పట్టుకునే దూరం ముక్కు కొనకు 30 సెంటీమీటర్లు. ముక్కు కొన నుంచి చెవి మరో 10 వెనక, అంటే ఫోనుకు 40. దూరం పెరిగినకొద్దీ వస్తువు అదే నిష్పత్తిలో చిన్నదిగా కనిపిస్తుంది. కనుక చెవితో పోలిస్తే ముక్కు 40/30 రెట్లు, అంటే మూడోవంతు ఎక్కువగా పడుతుంది. అదే ఫోను 150 సెంటీమీటర్ల దూరాన ఉంటే? 160/150. తేడా ఏడు శాతమే! తప్పు ముక్కుది కాదు, పొట్టి చేతిది. బల్లమీద ఫోను నిలబెట్టి, టైమరు పెట్టి, అయిదడుగుల దూరంలో నిలబడి తీసుకుంది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

ఆ రాత్రి నేను క్యూరియాసిటీ రోవరు కుజగ్రహం మీద 2012లో తీసుకున్న సెల్ఫీ చూపించాను. "మరి చెయ్యి ఏదీ?" అంది వెంటనే. నేనిన్నాళ్ళూ ఆ ఫొటో చూసి అడగని ప్రశ్న! రోవరు చెయ్యి సుమారు రెండు మీటర్లు, దాని చివర కెమెరా. చేతిని అటూ ఇటూ కదుపుతూ 55 ఫొటోలు తీసింది. చెయ్యి అడ్డంరాని ముక్కల్ని ఏరి ఒకటిగా అతికారు. ఇది సరదాకి తీసింది కాదు; ఇలాంటి ఫొటోల్లోనే ఇంజనీర్లు చక్రాల అరుగుదల, పేరుకున్న దుమ్ము చూసుకుంటారు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరులో వెళ్ళిన ఆదిత్య-ఎల్1 కూడా దారిలో సెల్ఫీ తీసుకుంటే, ఇస్రో దాన్ని సోషల్ మీడియాలో పెట్టింది. అదీ చూపించాను.

శాస్త్రవేత్తల సెల్ఫీల మీద 2019లో ప్లాస్ వన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఉత్త పరికరాల ఫొటోలు పెట్టేవారికంటే, తమ ముఖంతో సహా పెట్టేవారు జనానికి ఆత్మీయంగా, నమ్మదగినవారుగా కనిపించారట. నాకిందులో వింతేమీ తోచలేదు. చిన్నప్పుడు మా భౌతికశాస్త్రం పుస్తకంలో కప్పీలు, వాలుతలాలే గానీ మనిషి ముఖం చూసిన గుర్తు లేదు.

ఆదివారం తెనాలికి వీడియో కాల్ చేశాం. మా అమ్మ ఎప్పటిలాగే ఫోను ముఖానికి ఆనించి పట్టుకుంది. తెరంతా ముక్కే. "నానమ్మా, కొంచెం దూరంగా పెట్టవా!" అని మా అమ్మాయి టేపు తీసి చూపించింది. "ఎందుకే, నా ముక్కుకేమైంది?" అందావిడ.