నన్నారి గ్లాసులో ఎవరి చెమట?

ఎండాకాలం వచ్చిందంటే రాయలసీమ బజార్లలో నన్నారి సీసాలు బారులు తీరతాయి. పొలం నుంచి వచ్చిన రైతు, మూటలు దించిన హమాలీ, బస్సు కోసం నిలబడ్డ ఆడమనిషి, అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఒక నన్నారి కొట్టు!" గ్లాసులో ఇంత పాకం, అర నిమ్మచెక్క, కాసిని సబ్జా గింజలు, పైన బుస్సుమనే సోడా. ఒక్క గుక్క దిగితే ప్రాణం లేచొస్తుంది.

నిమ్మకాయ గూడూరుదో తెనాలిదో అయివుంటుంది. చక్కెర చెరకు రైతుది. మరి ఆ గ్లాసుకు పేరు తెచ్చిన వాసన ఎవరిది? ఎవరు తవ్వారు, ఎంతకు అమ్మారు? ఆ సంగతి మనం అడగనే అడగం.

రెండు మొక్కలు, ఒకటే వాసన

నన్నారి అని మనం తాగేది రెండు రకాల వేళ్ల నుంచి వస్తుంది. ఒకటి సుగంధి పాల. సన్నని తీగ, ఆకు మధ్య తెల్లటి గీత, తుంచితే పాలు కారతాయి. చేలగట్ల మీదా, పొదల్లోనూ కనబడుతుంది. రెండోది మారేడు గడ్డ. దీన్ని బర్రె సుగంధి అని కూడా అంటారు. ఇది దక్షిణాది కొండలకే పరిమితమైన మొక్క. నల్లమల, శేషాచలం వంటి కొండల్లో బండల సందుల్లో పెరుగుతుంది. వేరు వేలెడు లావున, కండ పట్టి ఉంటుంది. దీనితో ఊరగాయ కూడా పెడతారు. రెండింటిలోనూ వాసననిచ్చే పదార్థం ఒక్కటే. ఐస్‌క్రీముల్లో వాడే వెనిల్లా వాసనకు అది దగ్గరి చుట్టం.

తవ్వితే మొక్కే పోతుంది

చింతపండు రాల్చుకుంటే చెట్టుంటుంది. ఉసిరికాయ కోసుకుంటే మళ్లీ ఏడాదికి కాస్తుంది. వేరు సంగతి అలా కాదు. గడ్డపారతో బండ సందు పెకలించి వేరంతా లాగితే మొక్క అక్కడితో సరి. అందుకే మారేడు గడ్డ నేడు అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాకెక్కింది.

ఈ పాపం ఎవరిది? తవ్విన చెంచుదా? పొద్దున్నే కొండెక్కి, రాళ్ల మధ్య కూర్చుని తవ్వి, మట్టి దులిపి, మూట కట్టి దిగేవాడికి దక్కేది ఆ పూట గింజలే. అడవి నుంచి సీసా దాకా చేతులు మారినకొద్దీ ధర పెరుగుతుంది. పెరిగిన ధర మాత్రం కొండ ఎక్కదు. కిలో వేరుకు న్యాయమైన ధర వస్తే సగం వేరు వదిలిపెట్టి రాగలడు. రాకపోతే ఉన్నదంతా తవ్వక ఏం చేస్తాడు?

ఇంకో దెబ్బ రసాయన ఎసెన్సులది. వేరు ముఖం చూడని పాకానికి రంగు కలిపి, వాసన చుక్కలు వేసి, సీసా మీద వేరు బొమ్మ అంటిస్తే కొనేవాడికేం తెలుస్తుంది? అసలు వేరుకు గిరాకీ పడిపోయేది ఇక్కడే. సీసా కొనేముందు చిన్న అక్షరాలు కూడా చదవండి.

హక్కు కాగితం మీద ఉంది

2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు గిరిజనులకు, తరతరాలుగా అడవిని నమ్ముకున్న ఇతరులకు ఇచ్చింది. వేరు కూడా అందులోదే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ నన్నారి షర్బత్ తయారుచేసి అమ్ముతోంది. అంటే ప్రభుత్వ రంగంలోనే దారి ఉన్నదన్నమాట. కావలసింది ప్రతి సంత దగ్గరా కాటా, చేతిలో రొక్కం, ముందుగా ప్రకటించిన ధర. కాటా దూరమైతే దళారి దగ్గరవుతాడు.

రైతు చేయగలిగింది

సుగంధి పాలను వేరు ముక్కలతో, తీగ ముక్కలతో పెంచవచ్చు. కంచె వెంబడి, తోటలో చెట్ల నీడన నాటితే రెండు మూడేళ్లకు వేరు చేతికొస్తుంది. మారేడు గడ్డ మొక్కలను కణజాల పద్ధతిలో పెంచవచ్చని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు చూపించారు. ఆ మొక్కలు ప్రయోగశాల దాటి గిరిజన గూడేలకు, మెట్ట రైతులకు చేరాలి. అయితే ఒక మాట. కొనేవాడెవడో తేలకుండా ఎకరాలకెకరాలు వేసి చేతులు కాల్చుకోవద్దు. ముందు గట్టు మీద నాలుగు తీగలు పెట్టి చూడండి. పదిమంది కలిసి సంఘంగా అమ్మకానికి దిగండి.

వేరు తవ్వేవాడు కూలీగా మిగిలిపోకుండా, పాకం కాచి సీసాకెత్తే సంఘంలో వాటాదారు కావాలి. అప్పుడే కొండ మీద మొక్కా మిగులుతుంది, మన గ్లాసులో వాసనా మిగులుతుంది.