ఎరుక లేని నాయిక: 'క్లియర్ కార్డ్' ఎందుకు నిరాశపరిచింది?

ముగిసిన కథను మళ్ళీ ఎత్తుకొనే రచయిత రెండు ప్రశ్నలకు జవాబు చెప్పవలసి ఉంటుంది. మొదటి కథలో పరిష్కారం కాకుండా మిగిలిన వైరుధ్యం ఏది? దాన్ని ఇప్పుడు ఎవరు, ఏ చైతన్యంతో ఎదుర్కొంటున్నారు? ఈ ప్రశ్నలు పెద్ద నవలలకే గాని పిల్లల బొమ్మల కథలకు వర్తించవనే చిన్నచూపు మన విమర్శలో లేకపోలేదు. కాని ఒక తరం బాలికల ఊహాలోకాన్ని తీర్చిన రచన విమర్శకు అనర్హం కాజాలదు. అందుకే జపాన్ 'మాంగా' (బొమ్మల కథ) 'కార్డ్‌క్యాప్టర్ సకురా'నూ, దాని కొనసాగింపు 'క్లియర్ కార్డ్'నూ ఇక్కడ పరిశీలిస్తున్నాను.

మంత్రశక్తి గల బాలిక నాయికగా ఉండే కథలు జపాన్‌లో 1960లలో ఒక శాఖగా రూపుకట్టాయి. 1962లో 'అక్కో చాన్'ను ప్రారంభించిన ఫుజియో అకత్సుకా, 1966లో 'మంత్రగత్తె సాలీ'ని ప్రారంభించిన మిత్సుతేరు యోకోయామా ఇద్దరూ పురుషులే. తర్వాతి దశాబ్దాలలో ఆ బాలిక బొమ్మను స్త్రీలు తమ చేతుల్లోకి తీసుకున్నారు. నవోకో తకేఉచి 'సైలర్ మూన్' వెలువడిన 'నకయోషి' మాసపత్రికలోనే, 1996 నుంచి 2000 దాకా, 'క్లాంప్' అనే నలుగురు స్త్రీల బృందం సకురా కథను నడిపింది. అది 12 సంపుటాలు.

ఇతివృత్తం సరళమైనది. నాలుగో తరగతి పిల్ల సకురా తండ్రి పుస్తకాలలో ఒక గ్రంథం తెరుస్తుంది. క్లో రీడ్ అనే మాంత్రికుడు చేసిన కార్డులు చెల్లాచెదురవుతాయి. వాటిని తిరిగి కూర్చడం ఆమె పని. ఈ సరళత వెనుక ఉన్న శిల్పం గమనించదగినది. కార్డులన్నీ దొరికినంత మాత్రాన కథ ముగియదు. క్లో శక్తితో నడిచిన కార్డులు ఆ శక్తి లేక వట్టి కాగితాలైపోయే స్థితి వస్తుంది. సకురా వాటిని ఒక్కొక్కటిగా తన శక్తితో తన కార్డులుగా మార్చుకోవలసి వస్తుంది. వారసత్వం స్వంత శ్రమతోగాని స్వంతం కాదన్న సత్యం ఇక్కడ ఉపన్యాసంగా కాక సంఘటనగా వచ్చింది.

ప్రేమ కూడా ఇదే దారిన నడిచింది. సకురా యుకితోను ప్రేమిస్తుంది. ఆ ఇష్టం తండ్రిమీది ఇష్టం వంటిదేమో ఆలోచించమని అతడు మృదువుగా చెబుతాడు. ఆ దుఃఖంలో తోడు నిలిచినవాడు షావోరాన్. కార్డుల కోసం హాంకాంగ్ నుంచి పోటీకి వచ్చినవాడతడే. మంత్రానికి మూల్యమూ ఉంది. యుకితో మాయమైపోకుండా ఉండటానికి సకురా అన్న తోయా తన శక్తినంతా ధారపోస్తాడు. ఈ రచన దోషరహితమని నేననను. ఉపాధ్యాయుడికీ బాలికకూ మధ్య అనురాగాన్ని ముచ్చటగా చూపడం అంగీకరించరానిది. అయినా, నాయిక తెలుసుకుంటూ ఎదుగుతుంది. కథకు ప్రాణం అదే.

2016లో, కథ మొదలై ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంలో, 'క్లియర్ కార్డ్' అదే పత్రికలో ప్రారంభమై 2023 చివర ముగిసింది. సకురా ఇప్పుడు మాధ్యమిక పాఠశాల విద్యార్థిని. ఆమె కార్డులు పారదర్శకమై శక్తి కోల్పోతాయి. కొత్త కార్డులు పుట్టుకొస్తాయి. మళ్ళీ సేకరణే. అయితే ఆ కొత్త కార్డులను సృష్టిస్తున్నది తానేనని ఆమెకు తెలియదు. పాత కార్డులు ఏమయ్యాయో షావోరాన్‌కు తెలుసు, చెప్పడు. ఇంగ్లండులోని ఎరియోల్ జవాబివ్వడు. కాపలాదారులైన కెరో, యుయే తమ ఆందోళనను తమలోనే ఉంచుకుంటారు. ఇవన్నీ ఆమె మేలు కోరే మౌనాలే. మేలు కోరే మౌనం కూడా ఆధిపత్యానికి ఒక రూపమని ఈ కథ ఎక్కడా గట్టిగా నిలదీయదు.

ఇంతకన్న పెద్ద లోపం మరొకటి. కొత్త విద్యార్థిని అకిహో వెంట ఉండే కైతో తన రహస్యం బయటపడబోయినప్పుడల్లా కాలాన్ని వెనక్కి తిప్పుతాడు. జరిగినది సకురా మరచిపోతుంది. పాఠకుడికి గుర్తుండి నాయికకు గుర్తులేని అనుభవం ఆమెను ఎలా ఎదగనిస్తుంది? ఉత్కంఠ కోసం చేసిన ఈ ఏర్పాటు పాత్రనే బలి తీసుకుంది.

విచారకరమైన విషయమేమంటే, బలమైన వస్తువు రచయిత్రుల చేతిలోనే ఉంది. అకిహో మాంత్రిక వంశంలో మంత్రశక్తి లేకుండా పుట్టిన పిల్ల. పనికిరానిదని తేల్చిన ఆ వంశమే ఆమెను మంత్రాలు నింపే పాత్రగా, ఒక పనిముట్టుగా మార్చింది. మనిషిని ఉపయోగాన్నిబట్టి తూచే వ్యవస్థకు ఇంతకన్న పదునైన బొమ్మ ఏముంటుంది? కాని అకిహోకు తన కథ తెలియదు. ఆ కథ ఇతరుల జ్ఞాపకాలలో, చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఇద్దరు బాలికలు ఎరుక లేనివారు. ఎరుక, త్యాగం రెండూ వారిని కాపాడే మగవారి వంతు. స్త్రీలు తమ చేతుల్లోకి తీసుకున్న కథారూపం ఇక్కడ తెలియకుండానే వెనక్కి నడిచింది.

చివరి భాగంలో సకురా నిజం తెలుసుకొని తానే నిర్ణయం తీసుకుంటుంది కదా అని కొందరు అనవచ్చు. నిజమే. కాని 16 సంపుటాల కథలో ఆ చైతన్యం చివర తగిలించినదిగా ఉందే తప్ప, సంఘటనల ఒరిపిడిలో పుట్టినదిగా లేదు. గీతల సౌకుమార్యం, పుటల అలంకరణ ఈ లోటును పూడ్చలేవు.

కారణాన్ని రచయిత్రుల ప్రతిభాలోపంలో వెతకడం పొరపాటని నా అభిప్రాయం. ఒకనాటి బాలపాఠకులు కొనుగోలుశక్తి గల పెద్దలయ్యారు. వారికి కావలసినది తమ బాల్యం చెదరకుండా ఉండటం. మార్కెట్టు ఆ కోరికను గుర్తించింది. మాంగా ఇంకా నడుస్తుండగానే 2018లో అదే పేరుతో టెలివిజన్ ధారావాహిక వచ్చింది. మూలకథ ముగియనందున అదీ రహస్యాలను విప్పకుండానే ఆగింది. నాయిక మారితే జ్ఞాపకం చెదురుతుంది, మారకపోతే కథ ఉండదు. ఈ చిక్కును దాటడానికి దొరికిన ఉపాయమే రహస్యం. కథ కదులుతున్నట్టు కనిపిస్తుంది, నాయిక మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కొనసాగింపు రాయదలచినవారు దీన్నుంచి గ్రహించవలసినది ఒకటుంది. పాఠకుడికి ఇష్టమైన పాత్రను కాపాడటం రచయిత బాధ్యత కాదు. ఆ పాత్రకు తెలుసుకొనే హక్కును, తెలిసినందుకు మారే హక్కును కాపాడటమే బాధ్యత.