మీటర్ ‘ఓకే’ అంటుంది.. రేడియో మూగబోతుంది!

ఇంటర్వ్యూలో మీకు ఇలాంటి ప్రశ్న వచ్చిందనుకోండి. రెండు సీట్ల ట్రైనింగ్ విమానం. నేల మీద అన్నీ బాగానే ఉన్నాయి. గాల్లోకి లేచాక పైలట్ మాట్లాడదామని మైక్ బటన్ నొక్కగానే రేడియో ఆరిపోతోంది. వదిలేస్తే మళ్లీ వెలుగుతోంది. దిగాక చూస్తే ఏ లోపమూ లేదు. ఎక్కడ మొదలుపెడతారు?

‘రేడియో మారుస్తాను సార్’.. చాలామంది జవాబు ఇదే. బీటెక్ అయిపోయిన కొత్తలో నేనూ అదే చెప్పేవాణ్ని. కానీ ఖరీదైన ఆ డబ్బా మార్చినా లోపం అలాగే ఉండిపోవచ్చు. తప్పు చాలాసార్లు డబ్బాలో కాదు, దానికి కరెంటు తెచ్చే దారిలో ఉంటుంది.

అంబర్‌పేట్ పాత ఇళ్లలో అద్దెకున్నవాళ్లకు ఇది తెలిసిన బాధే. ఫ్రిజ్ ఆన్ కాగానే లైటు మిణుకుమంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి అంతా సవ్యం. చివరికి చూస్తే మీటర్ బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులు! విమానంలోనూ కథ ఇంతే.

కాస్త లెక్క చూద్దాం. పాత సెస్నా 150లో ఉండేది 14 వోల్టుల సిస్టమ్ (1977లో వచ్చిన సెస్నా 152లో 28 వోల్టులు). రేడియో వినేటప్పుడు అర ఆంపియర్, మాట్లాడేటప్పుడు 6 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. దారిలో ఒక క్రింప్ వదులై అర ఓమ్ నిరోధం చేరింది. వింటున్నప్పుడు పోయేది పావు వోల్టే, ఎవరికీ తెలీదు. బటన్ నొక్కితే ఏకంగా 3 వోల్టులు మాయం. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మెయింటెనెన్స్ మార్గదర్శి ఏసీ 43.13-1బీ ప్రకారం 14 వోల్టుల సిస్టమ్‌లో ఎప్పుడూ నడిచే పరికరానికి అర వోల్టు, అప్పుడప్పుడూ నడిచేదానికి 1 వోల్టు మించి తగ్గకూడదు. ఫస్టియర్‌లో బట్టీపట్టిన ఓమ్ సూత్రమే ఇది, అంతకు మించి ఏం లేదు.

మరి మల్టీమీటర్ ఎందుకు మోసం చేస్తుంది? అది దాదాపు కరెంటే లాగదు. కరెంటు పారకపోతే వోల్టేజీ తగ్గదు. రేడియో ఊడదీసి కనెక్టర్ దగ్గర కొలిస్తే బ్యాటరీలో ఉన్న 12.5 వోల్టులూ దర్జాగా కనిపిస్తాయి. అందుకే లోడ్ ఉండగానే కొలవాలి. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ తగిలించి, బటన్ నొక్కి, బ్రేకర్ నుంచి రేడియో పవర్ పిన్ దాకా ఎంత పోతోందో చూడాలి. అదే సమయంలో వైర్ల కట్టను మెల్లగా కదపాలి, ఎందుకంటే ఇంజిన్ ఆగి ఉంటే గాల్లో ఉండే అదురు ఉండదు.

ఆ తర్వాత గ్రౌండ్. కొత్తవాళ్లు మర్చిపోయేది దీన్నే. లోహపు విమానాల్లో చాలా పరికరాలకు అల్యూమినియం బాడీయే కరెంటు తిరిగొచ్చే దారి. స్టడ్ కింద పెయింటో తుప్పో చేరితే చాలు. ఇంకో సంగతి, మీటర్ తీసే ముందు పైలట్‌ను అడగాలి: ఆ సమయంలో ఇంకేం ఆగాయి? పక్కన జీపీఎస్ కూడా ఆరితే ఏవియానిక్స్ మాస్టర్ స్విచ్ వైపు, అందరికీ ఉమ్మడి బస్ వైపు వెతకాలి. రేడియో ఒక్కటే అయితే దాని సొంత లైన్.

‘వచ్చి పోయే లోపమే కదా’ అని వదిలేస్తే? 2007 జులై 10న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం శాన్‌ఫర్డ్‌లో సెస్నా 310 కూలింది. ముందురోజు దాన్ని నడిపిన పైలట్ వాతావరణ రాడార్ నుంచి కాలిన వాసన వస్తోందని రాసిపెట్టి, దాని బ్రేకర్ లాగేశాడు. మరమ్మతు జరగలేదు. మర్నాడు అదే విమానం ఎగిరింది. లోపల ఇద్దరు, నేల మీద ముగ్గురు చనిపోయారు. బ్రేకర్ ఉండేది వైరును కాపాడటానికి. అది తెగిందంటే ఏదో చెబుతోందన్నమాట.

ఉద్యోగాల మాటకొస్తే, బీటెక్ పట్టా ఒక్కటే ఉంటే విమానం సిద్ధమని సంతకం పెట్టలేరు. దానికి డీజీసీఏ లైసెన్స్ కావాలి, ఎలక్ట్రికల్, ఏవియానిక్స్ పనికి కేటగిరీ బీ2. ఇది ఏళ్ల వ్యవహారం, తొందరపడి ఫీజు కట్టకండి. ముందు ఆ సంస్థకు డీజీసీఏ ఆమోదం ఉందో లేదో మీరే చూసుకోండి. లైసెన్స్ లేకుండా చేరగలిగే పని వైరింగ్ హార్నెస్‌ల తయారీ, తనిఖీ. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర సాఫ్రాన్ 2022లో ఇలాంటి ఫ్యాక్టరీ తెరిచింది. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో ఎలక్ట్రానిక్స్ యూనిట్లకు వెళ్తే మీ ప్రాజెక్టు పేరుకన్నా క్రింప్ సరిగ్గా వేయడం వచ్చా అన్నదే ముందు అడగొచ్చు. కేబుల్, హార్నెస్ పనికి ఐపీసీ-620 అనే ప్రమాణం ఉంది, రెజ్యూమెలో రాసే ముందు చదవండి.

ప్రాక్టీస్‌కు విమానం అక్కర్లేదు. మామూలు మల్టీమీటర్, మీ పాత బైక్ చాలు. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి ఫ్రేమ్‌పై పెయింట్ లేని చోట పెట్టి, ఫ్రెండ్‌ను హారన్ నొక్కమనండి. వచ్చిన అంకె రాసుకోండి. గ్రౌండ్ బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించి మళ్లీ కొలవండి. ఆ రెండు అంకెలున్న కాగితాన్ని ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.