గురి తప్పితే తప్పు ఎవరిది?

ఆదిలాబాద్ పల్లె నుంచి వచ్చి కరీంనగర్‌లో డిగ్రీ చదువుతుండగా ఎన్.సి.సి. క్యాంపులో పాయింట్ టూటూ రైఫిల్‌తో ఐదు రౌండ్లు ఫైర్ చేశాను. ఐదూ ఒకేచోట పడ్డాయి, కానీ గురికి కిందుగా. "నాకు చేతకాదు" అనుకొని జట్టు ఎంపికకు పేరే ఇవ్వలేదు. లోపం నా గురిలో కాదు, సైటులో ఉందని తరువాత తెలిసింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఈ వ్యాసం.

కన్ను చూసే చోటే తూటా తగిలేలా సైటును సరిచేయడమే జీరోయింగ్. ఒక్క రౌండును చూసి సైటు తిప్పకూడదు. శిక్షకుని సమక్షంలో రైఫిల్‌ను ఇసుక సంచిపై ఆనించి, ఒకే బిందువుకు గురిపెట్టి ఐదు కాల్చాలి. రంధ్రాలు చెల్లాచెదురుగా ఉంటే ముందు మన పట్టు, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కే తీరు సరిచూసుకోవాలి. ఒకే గుంపుగా ఉంటే సైటును జరపాలి. స్కోపు ఉంటే, సాధారణంగా ఒక్క క్లిక్కుకు 50 మీటర్ల దూరంలో సుమారు 3.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. గుంపు 36 మిల్లీమీటర్లు కిందుంటే పది క్లిక్కులు పైకి. మళ్లీ ఐదు కాల్చి చూడాలి. దూరం మారినా, తూటా రకం మారినా మళ్లీ సరిచూసుకోవాలి.

ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో స్కోపు వాడనివ్వరు. చిన్న రంధ్రపు సైటుతోనే హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే!

ఒకసారి తప్పిందని పేరు వెనక్కి తీసుకోకండి. ముందు ఐదు రంధ్రాలూ ఎక్కడున్నాయో చూడండి.