ఆఫ్రిక్‌విల్ వాసుల సాక్ష్యము

నగరపాలకులు పేదల పేటలను గూర్చి వ్రాయించు నివేదికలయందు సాధారణముగా లేమిని గూర్చిన లెక్కలే కనబడును. ఆ పేటలలో ఏమేమి ఉండెనో చెప్పగలవారు అచ్చట పుట్టి పెరిగినవారు మాత్రమే. కెనడా తూర్పుతీరమున, నోవా స్కోషియా రాష్ట్రమునకు రాజధానియైన హాలిఫాక్స్ అను చిన్న నగరపు ఉత్తరపు అంచున, బెడ్‌ఫర్డ్ బేసిన్ అను సముద్రపు పాయ యొడ్డున నూఱేండ్లకు పైగా నిలిచి, 1970 నాటికి ఒక్క యిల్లైనను మిగులక రూపుమాసిన ఆఫ్రిక్‌విల్ అను నల్లజాతివారి పేట చరిత్ర ఇందులకు గొప్ప తార్కాణము.

1812లో బ్రిటనుకును అమెరికాకును యుద్ధము ఆరంభమైన పిదప, బానిసత్వమునుండి తప్పించుకొని బ్రిటిషువారి ఆశ్రయము గోరి నోవా స్కోషియాకు వచ్చిన నల్లవారికి లభించినవి రాతినేలయు, గడ్డు చలియు, చాలీచాలని కూలియు మాత్రమే. ఆ వర్గమునకు చెందిన విలియం బ్రౌన్, విలియం ఆర్నాల్డ్ అనువారు 1848లో ఈ యొడ్డున భూమిని కొనిరి. మఱుసటి యేడే అచ్చట బాప్టిస్టు చర్చి వెలసెను. కావున ఆఫ్రిక్‌విల్ వాసులు దారి తప్పివచ్చి ఎవరి నేలనో ఆక్రమించినవారు కారు; సొమ్ము చెల్లించి నేలను కొని, ఇండ్లు కట్టుకొని, నగరమునకు పన్నులు కట్టిన పౌరులు.

అట్టివారి నివాసముల నడుమనుండియే 1850వ దశకమున రైలుమార్గము వేయబడెను. నగరమునకు అవసరమైనవై యుండియు నగరవాసులు తమ యిండ్లచెంత ఉండనొల్లనివన్నియు, అనగా కారాగారము, మలమును పోయు గోతులు, అంటువ్యాధుల ఆసుపత్రి, కబేళా, ఒకదానివెనుక నొకటిగా ఆ పరిసరములకే వచ్చి చేరెను. తుదకు 1950వ దశకమున నగరపు చెత్తనంతయు తెచ్చి పోయు దిబ్బయు అచ్చటనే ఏర్పడెను. మంచినీటికై, మురుగుకాలువలకై, వీధులకై పేటవారు పెట్టుకొన్న అర్జీలు ఫలింపలేదు. నీటిని మరగించి గాని త్రాగరాదని హెచ్చరించు బోర్డు ఒకటి మాత్రము బావిచెంత నిలిచెను. కుళాయి నీయకుండుట నగరము చేసిన పని; కుళాయి లేకుండుట పేటవారి దోషముగా పరిగణింపబడెను.

అచ్చట పెరిగినవారి నోట వినవచ్చు ఆఫ్రిక్‌విల్ వేఱు. వేసవిలో బేసినునందు ఈదుటయు, చేపలు పట్టుటయు, పొదలలో బ్లూబెర్రీ పండ్లు కోసికొనుటయు, శీతకాలమున గడ్డకట్టిన చెఱువుపై జాఱుచు ఆడుటయు వారు తనివితీఱ చెప్పుదురు. ఆకలిగొన్న పిల్లవాడు ఏ యింట దూఱినను ఆ యింటి తల్లి వానికి భోజనము పెట్టెడిది. తప్పు చేసిన పిల్లవానిని మందలించు చనువు పేటలోని పెద్దలందఱకును ఉండెడిది. ఈస్టరునాడు తెల్లవాఱుజామున విశ్వాసులు పాటలు పాడుచు చర్చినుండి నీటి యొడ్డునకు కదలిపోయి, చలి తగ్గని ఆ సముద్రజలమునందు బాప్తిస్మము పొందుచుండగా చూచుటకు నగరమునుండి సైతము జనులు వచ్చెడివారు. నల్లజాతివారిలో మొట్టమొదటి ప్రపంచ ముష్టియుద్ధ విజేతయైన జార్జి డిక్సన్ 1870లో జన్మించినదియు ఈ పేటలోనే.

కాలము చేదును మఱపించి తీపినే మిగుల్చునని, కావున ఇట్టి స్మృతులను నమ్మరాదని కొందఱందురు. కాని ఈ వృద్ధులు చేదును దాచలేదు. చెత్తదిబ్బ దుర్గంధమును, ఎలుకలను, బావినుండి బాల్టీలతో నీరు మోసిన కష్టమును కూడ వారే చెప్పిరి. కష్టసుఖములు రెండును చెప్పినవారి మాటకంటె, కష్టమును మాత్రమే చూచి వ్రాసిన నివేదిక నిజమునకు సన్నిహితమని ఎట్లు చెప్పగలము?

1964లో తరలింపు ఆరంభమయ్యెను. మురికివాడల నిర్మూలనమనియు, జాతుల సమైక్యమనియు పాలకులు కారణములు చెప్పిరి. పరిశ్రమలకును రహదారులకును ఆ తీరభూమి కావలెనను ఆలోచనయు నగరమునకు చిరకాలముగా కలదు. తరలింపబడినవారు సుమారు 80 కుటుంబములు, 400 మంది. తండ్రినుండి కొడుకునకు నోటిమాటతోనే సంక్రమించిన యిండ్లకు దస్తావేజులు లేకపోవుటచే, అట్టివారిలో పెక్కుండ్రకు 500 డాలర్లతో సరిపుచ్చిరి. సామానులను నగరపు చెత్తలారీలలో తరలించిరి; నిర్వాసితుల మాటలలో ఈ అవమానము మఱల మఱల వినవచ్చును. 1967లో ఒకనాటి రాత్రివేళ చర్చిని పడగొట్టిరి. ఇల్లు విడువనొల్లని వృద్ధుడొకని ఎదుట అధికారులు పెట్టెనిండ డబ్బును ఉంచగా, ఆయన అందులకు నొచ్చుకొని లేచిపోయెను. 1970 జనవరిలో ఆయనయు కదలక తప్పలేదు. సొంతయింటివారు అద్దెయిండ్లలో పడిరి; బంధువులు చెదరిరి; పిదప అందవలసిన సహాయము అంతంతమాత్రమై ఆగిపోయెను.

1983లో పూర్వవాసులు ఒక సంఘముగా ఏర్పడిరి. ప్రతి వేసవియందును ఆ మైదానమున కూడి, తమ యిండ్లుండిన తావులలోనే గుడారములు వేసికొని, మనుమలకు సరిహద్దులు చూపిరి. నగరము మఱచిన చరిత్ర ఈ కూటములవలననే నిలిచెను. 1996లో ఆ స్థలము జాతీయ చారిత్రక స్థలముగా గుర్తింపబడెను. 2010 ఫిబ్రవరి 24న మేయరు పీటర్ కెల్లీ నగరము పక్షమున క్షమాపణ చెప్పెను. మఱుసటి యేడు పూర్వపు చర్చికి ప్రతిరూపముగా ఒక భవనము లేచి, నేడు మ్యూజియముగా నున్నది. 2024లో యునెస్కో సైతము ఈ స్థలమును బానిసత్వ చరిత్రకు సంబంధించిన స్మృతిస్థానముగా గుర్తించెను.

పేదల మేలు గోరి పేటను కదల్పబూనువారు ముందుగా ఆ పేటవారినే పిలిచి, మీకు ఏది కావలెను, ఏది పోగొట్టుకొనలేరు అని అడుగవలెను. ఆఫ్రిక్‌విల్ వాసులు కోరినది నీరు; వారికి లభించినది తరలింపు. క్షమాపణతోపాటు నగరమిచ్చిన ధనము స్మారకనిర్మాణమునకు వినియోగపడెనే గాని ఆ కుటుంబములకు వ్యక్తిగతముగా పరిహారము ముట్టలేదు. దానికై వారి సంతతివారు కొందఱు చేయుచున్న పోరాటము న్యాయమైనది. ఏలయన, 1848లో వారి పూర్వులు ఆ నేలను ఎవరి దయవలనను పొందలేదు, వెల యిచ్చి కొనిరి.